మునియమ్మ ఉతికిన చొక్కా

అరియాంకుప్పం ఏటి ఒడ్డున నడుస్తుంటే తడిగుడ్డ వాసన గుప్పున ముక్కుకు కొట్టింది. చుట్టూ చూస్తే ఉతికేవాళ్ళెవరూ లేరు. ఒకప్పుడు అక్కడ బట్టలుతికిన ఆడవాళ్ళ గుర్తుగా ఈమధ్య నిలబెట్టిన విగ్రహం ఒక్కటే ఉంది. వంగి, గుడ్డను పైకెత్తిన మనిషి. శిల్పి ఆమె ముఖానికి చిరునవ్వు పెట్టాడు. నాకు నచ్చలేదు. వారం వారం మా ఇంటి మూట తీసుకెళ్ళి ఈ ఏట్లోనే ఉతికి తెచ్చిన మునియమ్మ పనిలో ఉండగా నవ్వి ఎరగదు. ఆ సిమెంటు గుడ్డను తాకి చూశాను. ఎండ మండిపోతున్నా అది తడిగా ఉంది. గబుక్కున చెయ్యి తీసేశాను.

నేను బడికి వెళ్ళే రోజుల్లో మా నాన్న చేపలు పడతానని ఏరు సముద్రంలో కలిసే చోటికి వెళ్ళి తిరిగి రాలేదు. వీరాంపట్టినం వైపు ఒడ్డున చెప్పులు దొరికాయి, మనిషి దొరకలేదు. కొన్ని నెలలు చూసి, ఇక కర్మ జరిపించాల్సిందేనని పెదనాన్న పట్టుబట్టాడు. అంటే అమ్మ బొట్టు చెరపడం, గాజులు తీయడం. దానికి ముందు మా ఇళ్ళలో పోయినవాడి బట్టను చాకలి చేతికిస్తారు. ఆమె అందుకుంటే మనిషి పోయినట్టే. అమ్మ గాజుల్ని కొంగుతో కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. పెదనాన్న కొక్కేనికున్న నాన్న చొక్కా తీసి మునియమ్మకు చాపాడు. ఆమె అందుకోకుండానే కాలరు తిప్పి చూసింది, వంగి వాసన చూసింది, అమ్మ వైపు చెయ్యి చూపింది.

“అక్క ఈ సట్టను పోయిన వారం మూటలో ఏసింది పెద్దయ్యా. తెల్లగా ఉతికి తెచ్చినా. మళ్ళా ఎవురో తొడిగినారే.”

“ఏంది నువ్వు చెప్పేది? తొడిగేదానికి యాడుండాడు వాడు?”

“అది నాకు తెల్దు. చెమట పట్టిన గుడ్డను సచ్చినోళ్ళ గుడ్డ అని నేను తీసుకోను. ఉతికి తెచ్చిస్తా, అంతే.”

ఆ మాట తర్వాత కర్మ ఊసెత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చొక్కా మాత్రం కొక్కేనికే ఉండేది, వారం తిరిగేసరికి కాలరు మాసేది. అమ్మే రహస్యంగా తొడుక్కుంటోందని నేను చాలా ఏళ్ళు నమ్మాను. ఉద్యోగంలో చేరాక ఒకసారి మునియమ్మను అడిగేశాను.

“మీయమ్మ రవికెలు ఇన్నేళ్ళు ఉతికినా పాపా. ఆమె చెమట నాకు తెల్దా? ఇది ఆమెది కాదు.”

“మరి ఎవరిది? నీకు భయం లేదా?”

“ఉండాది. ఉంటే మాత్రం? ఎవురిదని అడిగితే మీయమ్మ బొట్టు పోతుంది. మాసింది కాబట్టి ఉతుకుతా.”

భయపడుతూనే ఒకరి కోసం నిలబడొచ్చని నాకు నేర్పింది ఆ మనిషే. ఆమె మీద నాకున్నది ప్రేమో భక్తో చెప్పలేను. ఆమె పోయాక ఆ చొక్కా ఉతికే పని నా మీద పడింది. ఆ తర్వాత అమ్మ కూడా, నిండు బొట్టుతో, చేతుల నిండా గాజులతో వెళ్ళిపోయింది. ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ చొక్కా ఎవరికైనా ఇచ్చెయ్యమని బంధువులంటారు. నేను మాత్రం ప్రతి ఆదివారం కొక్కెం మీంచి తీసి కాలరు తిప్పి చూస్తాను.

పోయిన ఆదివారం కూడా మాసే ఉంది. ఉతికి ఆరేశాను.