ఊకలో పెట్టిన బ్యాటరీ

మా అన్న కోదాడలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. నాన్న మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. నేను సూర్యాపేటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను. ఆ మూడేళ్లూ చర్చా పోటీలకు వెళ్లాను. ఆదివారాలు మేం ముగ్గురం ఒకచోట చేరడానికి కారణం ఒక రిమోట్ కారు. అన్న విడిభాగాలు తెప్పించి దాన్ని తన దుకాణంలోనే బిగించాడు. మిల్లులో వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం ఖాళీగా ఉన్నప్పుడు అక్కడ నడిపేవాళ్లం.

ఆ కారు నడిచేది లిథియం ప్యాక్ మీద. అరచేతిలో ఇమిడే ఆ మెత్తటి ప్యాక్ విషయంలో అన్నకు కొన్ని నియమాలు ఉండేవి. పూర్తిగా అడుగంటేదాకా వాడకూడదు. వేడిగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టకూడదు. దెబ్బ తగిలినా, కాస్త ఉబ్బినా దాన్ని పక్కన పెట్టేయాలి. అదీ ఆరుబయట, మండే వస్తువులకు దూరంగా. నియమం వింటే కారణం అడగడం నాకు అలవాటు. అన్న విసుక్కోకుండా చెప్పేవాడు: లోపలి పొరలు పాడైతే వాయువు పుడుతుంది, అందుకే ఉబ్బుతుంది, ఆ పొరలు ఒకదానికొకటి తగిలితే నిప్పు పుడుతుంది. ఆ కారణాలన్నీ నాకు కంఠతా వచ్చేవి.

ఇంట్లో ఇంకొక నియమం ఉండేది. దానికి మాత్రం నేనెన్నడూ కారణం అడగలేదు. పదిలంగా ఉండాల్సిన వస్తువును ఊకలో పెట్టాలి. ఐసుగడ్డ ఊకలోనే ఉండేది, కోడిగుడ్లు ఊకలోనే ఉండేవి, ఇల్లు మారినప్పుడు గాజు సామానంతా ఊకలోనే ప్రయాణం చేసింది. అందుకే ప్యాకులు బండి మీద కుదుపులకు దెబ్బతినకుండా నాన్న ఒక రేకు డబ్బాలో ఊక నింపి ఇచ్చాడు. "ఊకల ఉంటె ఏం గాదు బిడ్డా" అన్నాడు. అదే ఊకను రోజంతా బాయిలర్ పొయ్యిలోకి ఎగదోసి మండించేది ఆయనే. ఆ పొయ్యి ముందు నిలబడి నేను ఎన్నోసార్లు ఆయనకు సద్ది గిన్నె అందించాను. బాయిలర్‌లో మండే ఊకా, డబ్బాలో ఉన్న ఊకా ఒకటేనని మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

ఆ ఆదివారం చివరి ఆటకు ముందు అన్న ప్యాకును వేలితో నొక్కి చూసి పక్కన పెట్టాడు. ఉబ్బిందన్నాడు. నాకు ఇంకొక్కసారి నడపాలని ఉంది. ఎంత ఉబ్బితే ఉబ్బినట్టు, హద్దు ఎక్కడుంది, ఆ హద్దును ఎవరు నిర్ణయించారు అని వరుసగా అడిగాను.

"కాలేజీల గెల్చినవని బ్యాటరీ గూడ నీ మాట ఇంటదా?" అన్నాడు అన్న నవ్వుతూ.

పోయిన వారం కూడా ఇంతే ఉబ్బి ఉందనీ, అప్పుడు తనే నడిపాడనీ గుర్తు చేశాను. అది నిజం. "నీతోని ఎవడు గెలుస్తడు, తీస్కో" అని ప్యాకు నా చేతిలో పెట్టాడు.

నాలుగో చుట్టులో కారు కళ్లం గట్టుకు గుద్దుకుంది. అన్న విరిగిన ముందు చక్రాన్ని చూసుకుంటుండగా నేను ప్యాకు విప్పాను. వేడిగా ఉంది, ఒక మూల సొట్టపడింది. ఇది పదిలంగా ఉండాలనుకుని ఊకలో లోతుగా పెట్టి డబ్బా మూత బిగించాను. ఆ మాట అన్నకు చెప్పలేదు.

మరునాడు కోదాడలో ఒక కళాశాల పోటీకి వెళ్లాల్సి ఉండడం వల్ల ఆ సాయంత్రం నేనూ అన్న బండి ఎక్కాను. డబ్బా నా ఒళ్లో ఉంది. పాలకీడుకు పోయే దారి దాటాక ఏదో తియ్యటి వాసన వచ్చింది, ఆ వెనుకే రేకు కాలడం మొదలైంది. సొట్టపడ్డ ప్యాకు అందులోనే ఉందని నేను చెప్పగానే అన్న బండి ఆపి డబ్బాను నా ఒళ్లోంచి లాక్కున్నాడు. లోపల ఇంకో రెండు ప్యాకులున్నాయి. చెడిన ఒక్కదాన్ని తీసి పారేద్దామని మూత తెరిచాడు. గాలి తగలగానే ఊకంతా ఒక్కసారిగా అంటుకుంది. డబ్బాను నీళ్లున్న పొలంలోకి విసిరాడు గానీ, మండుతున్న ఊక అతని కుడిచేతి వేళ్లకు అంటుకునే ఉంది. నాకు చిన్న బొబ్బ కూడా రాలేదు.

సూర్యాపేట దవాఖానలో గాయాలు మానాయి. బొటనవేలికీ దాని పక్క రెండు వేళ్లకూ స్పర్శ మాత్రం రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు, ఆరు నెలలు చూడాలి అన్నాడు డాక్టరు. ఫోను లోపలి స్క్రూలు నువ్వుగింజకన్నా చిన్నవి. అవి వేళ్లకు తెలియకపోతే అన్న ఆ పని మానుకోవాల్సిందే. అతనికి వచ్చిన పని అదొక్కటే.

తప్పు తనదేనన్నాడు నాన్న, ఊక ఇచ్చింది తానే కనుక. తనదేనన్నాడు అన్న, మూత తీసింది తానే కనుక. వాదించి ఆడించింది నేను, డబ్బాలో పెట్టింది నేను. ఆ మాట ఇద్దరికీ చెప్పాను. మూడు పక్షాల్లో దేన్నయినా నేను సమర్థించగలను, మూడింటినీ ఖండించగలను. తర్వాతి నెల ఒక పోటీలో మాట్లాడి మొదటి బహుమతి తెచ్చుకున్నాను. చప్పట్లు వినిపించాయి, ఆగిపోయాక బస్సెక్కాను. ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం కోదాడ వెళ్తున్నాను. దుకాణంలో స్క్రీన్ గార్డులు అతికించే పని మాత్రమే నడుస్తోంది. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు అన్న కళ్లు మూసుకుని కుడిచేయి చాపుతాడు. నేను పళ్లెంలోంచి ఒక స్క్రూ తీసి అతని వేళ్ల మధ్య పెడతాను, లేదా పెట్టినట్టు తాకి ఊరుకుంటాను. ఉన్నదో లేదో అతను చెప్పాలి. ఇది నాలుగో నెల.

పోయిన ఆదివారం చాలాసేపు వేళ్లను ఒకదానికొకటి రుద్దాడు. ముఖం తేటపడింది.

"ఉన్నది. సన్నగ తెలుస్తున్నది" అన్నాడు.

స్క్రూ నా అరచేతిలో ఉంది. ఔనంటే ఆ పూట గడిచిపోయేది. సాయంత్రం నాన్నకు ఫోను చేసి చెప్పేవాడు, మర్నాడు ఎవరి ఫోనో విప్పి కూర్చునేవాడు.

"లేదన్నా, నేను పెట్టలేదు" అన్నాను.

అన్న కళ్లు తెరవలేదు. చేయి కూడా వెనక్కి తీసుకోలేదు.

"సరే. మల్ల పెట్టు" అన్నాడు.