ఇన్నమ్మ తెచ్చిన మంచి మట్టి

మా తమ్ముడు షాలేమ్‌రాజు భార్య ఇన్నమ్మ పోయిన వానాకాలంలో ప్రభువునందు నిద్రించింది. మట్టి మిషనును మోసం చేసిన మనిషిగా ఆమె పేరు దుమ్ముగూడెం సంతలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారట. ఆ మాట తప్పు. జరిగిందంతా నా కళ్లముందే జరిగింది కాబట్టి రాస్తున్నాను.

నా పేరు సంసోను. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. సంఘపెద్దను. ఊరికి కరెంటు స్తంభాలు వేయించింది నేను. మా ప్రార్థన గుడికి రేకులు తీయించి స్లాబు పోయించింది నేను. వాగు మీద చప్టా కోసం చెప్పులు అరిగేలా తిరిగిందీ నేనే. వెలుతురుతో మట్టిని పరీక్షించే మిషను మా అడవి అంచు ఊరికి వచ్చిందంటే అది కూడా నేను కొత్తగూడెం ఆఫీసుల చుట్టూ తిరిగినందుకే.

ఇన్నమ్మ గోదావరి అవతలి ఒడ్డు పిల్ల. పెళ్లయి వచ్చేనాటికి మా తమ్ముడికి ఉన్నదల్లా అడవిని ఆనుకున్న మెరక చెలక. ఇద్దరూ కలిసి రాళ్లు ఏరారు, మోదుగ మోళ్లు తవ్వారు, మిరప పెట్టారు. ఆమె మిరపకాయలు ఏరుతుంటే చూడాలి. చేతులు రెండూ ఆగేవి కావు, నోరు అసలే ఆగేది కాదు. కూలికి వచ్చిన ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్లు. ప్రతి ఏడూ కోతపండుగకు తొలి కాయల్లోంచి మచ్చలేనివి ఏరి, కొత్త చేటలో పోసి, గుడికి తెచ్చేది. గుడికి తెచ్చేది ఇంట్లో అన్నిటికన్నా మంచిదై ఉండాలి. అది మా సంఘం పద్ధతి. ఆ పద్ధతి పెట్టింది మా నాయన.

తమ్ముడు గుండె ఆగి పోయాడు. తర్వాత చేను కూడా నీరసించింది. మిరప మొక్క మోకాలెత్తు దాటడం లేదు. కొడుకు జయరాజ్ జామాయిల్ తోటల్లో కర్రకు చెక్క, అంటే బెరడు, తీసే కూలి పని చేస్తాడు. మన చేలో కూడా జామాయిలే పెడదామన్నాడు.

“నీళ్లు కట్టే పని లేదు, మందు కొట్టే పని లేదు. నీ నడుము సంగతి చూసుకోరాదే అమ్మా.”

“నా నడుముకేమైందిరా? నిన్ను మోసిన నడుమే ఇది. జామాయిల్ నరికితే మొదట్ల మళ్ల లేస్తది. ఇంక ఆ చేన్ల మిరపను నేను కండ్ల చూస్తనా?”

“చేన్ల సత్తువ లేదే.”

“ఎవరు చెప్పిండ్రు? చేను వచ్చి నీ చెవుల చెప్పి పోయిందా?”

ఆ తగువు రోజూ వినలేక నేను మధ్యలోకి వెళ్లాను. మిషను వస్తోంది, సత్తువ ఉందంటే మిరప, లేదంటే జామాయిల్, మాట మీద నిలబడండి అన్నాను. ఇద్దరూ గుడి మెట్ల దగ్గర ఒప్పుకున్నారు.

మిషనుతో వచ్చిన పిల్ల పేరు మనోజ్ఞ. నేలకొండపల్లి వైపు రైతుల బిడ్డ, వ్యవసాయం చదివింది. ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ వివరంగా చెప్పింది. చేను నాలుగు మూలలా తవ్వి కలపాలంది, రాళ్లూ ఆకులూ లేని మంచి మట్టి తెమ్మంది. ఆ రోజు ఇన్నమ్మ జ్వరంతో ఇంట్లో పడుకుని ఉంది. పక్కింటి ప్రమీలారాణి పోయి చెప్పింది.

“చిన్నమ్మా, మంచి మట్టి ఎండబెట్టి, జల్లెడ పట్టి, గుడికి తేవాల్నట.”

ఆమెకు అందిన కబురు అంతే.

పరీక్ష రోజున ఇన్నమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని, కొత్త చేటలో మట్టి పోసి, పైన గుడ్డ కప్పుకుని వచ్చింది. మిగతా వాళ్లు యూరియా సంచి ముక్కల్లో తెచ్చారు. మనోజ్ఞ ఆ మట్టిని చిన్న పళ్లెంలో పరిచి, టార్చిలైటంత మిషనును దాని మీద ఆనించింది. లోపలి నుంచి మట్టి మీద వెలుగు పడుతుంది. అందులో మన కంటికి కనిపించేది కొంత, కనిపించనిది కొంత. మట్టి కొంత వెలుగును మింగి మిగతాది వెనక్కి పంపుతుంది. ఏ వెలుగు ఎంత తిరిగి వచ్చిందో చూసి, మట్టిలో ఏముందో మిషను చెబుతుంది. మిరపకాయ మీద పెట్టినా అందులో తేమ ఎంతో చెబుతుంది. నేను స్వయంగా పెట్టించి చూశాను.

“మట్టికి ఎక్స్‌రే తీస్తున్నవా బిడ్డా?” అంది ఇన్నమ్మ.

“అలాంటిదే అమ్మమ్మా.”

“అయితే మా బావ నెత్తి మీద గూడ పెట్టి చూడు. లోపల ఏమన్న ఉన్నదో లేదో తెలుస్తది.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మనోజ్ఞ ఫోనులో చూసి, “నేలకు సత్తువనిచ్చే కర్బనం చాలా బాగుంది. ఇవాళ చూసినవాటిలో ఇంత మంచి మట్టి లేదు. దీనికి ఇంక ఎరువు కూడా అక్కర్లేదు,” అంది.

ఇన్నమ్మ కొడుకు వైపు తిరిగింది. “విన్నవారా?”

“విన్న. పెట్టుకో నీ మిరప,” అన్నాడు జయరాజ్. మాట తప్పే పిల్లాడు కాదు.

మిరప పెట్టారు. ఎరువు అక్కర్లేదన్నారు కాబట్టి చేనుకు ఒక్క బండి పెంట కూడా తోలలేదు. క్రిస్మస్ నాటికి ఆకు పసుపు తిరిగింది. పూత నిలవలేదు. మిషను దొంగదని ఊళ్లో నా ముఖాన్నే అన్నారు. నేను ఊరుకోలేదు, మనోజ్ఞకు ఫోను చేసి పిలిపించాను.

ఈసారి ఆ పిల్ల నేరుగా చేనుకు వచ్చింది. తానే నాలుగు మూలలా తవ్వి, మట్టిని గట్టు మీద ఎండలో ఆరబెట్టి, మిషను ఆనించింది. మళ్లీ ఆనించింది. ముఖం చిన్నబోయింది.

“పెద్దాయనా, ఇది ఆ మట్టి కాదు. ఇందులో సత్తువ లేదు.” ఇన్నమ్మ వైపు చూసింది. “అమ్మమ్మా, అప్పుడు మట్టి ఎక్కడిది తెచ్చారు?”

“పెంటకుప్ప పక్కన, సొరపాదు కిందిది. మాకున్నంతల దానికన్న మంచి మట్టి లేదు బిడ్డా. మంచిది తెమ్మన్నవట గదా.”

“మంచి మట్టంటే చెత్త లేనిదని అమ్మమ్మా. ఈ చేనిదే, ఎలా ఉంటే అలా.”

ఇన్నమ్మ గట్టు మీది మట్టిని గుప్పిట్లోకి తీసుకుని నలిపి చూసింది.

“గుడికి తెమ్మంటే, చెడ్డది ఎట్ల తెస్త బిడ్డా?” అంది.

జయరాజ్ అరుస్తాడనుకున్నాను. వాడు గట్టు మీద కూలబడి గడ్డి పీకుతూ కూర్చున్నాడు.

“ఇప్పుడు బాగుచేస్తే అయితదా?” అని ఆమే అడిగింది.

“అవుతుంది. జనుము చల్లి, ఎదిగాక పచ్చిగానే కలియదున్నాలి, పశువుల ఎరువు తోలాలి. మూడు నాలుగేళ్లు పడుతుంది. అప్పుడే తెలిసుంటే ఈపాటికి...” అంటూ మనోజ్ఞ ఆగిపోయింది.

ఇన్నమ్మ కొడుకు చేతుల వైపు చూసింది. జామాయిల్ చెక్క తీసి తీసి పగిలిన చేతులు.

“అన్నేండ్లు వీడు ఊరోళ్ల కర్రకు చెక్క తీసి నా చేనుకు పెంట తోలాల్నా? వద్దు. జామాయిల్ పెట్టు కొడుకా.”

“వచ్చేయేడు చూద్దాంలేవే.”

“మిషను చెప్పినట్టు చేద్దమని గుడికాడ అనుకుంటిమి. మిషను గిప్పుడు చెప్పింది.”

ఆ మనిషినా మోసగత్తె అనేది? ఓడిపోయే మాట మీద కూడా నిలబడ్డది. సంఘపెద్దగా ఎన్నో పంచాయితీలు తీర్చాను, అలా నిలబడ్డవాళ్లను తక్కువ చూశాను.

తొలకరికి జామాయిల్ మొక్కలు వచ్చాయి. జయరాజ్ వద్దంటున్నా ఇన్నమ్మ కూలివాళ్లతో పాటు వరసలోకి దిగింది. వంగి, మొక్క పెట్టి, వేలితో చుట్టూ మట్టి అదిమి, మూరెడు జరిగి మళ్లీ పెట్టింది. కూలికి వచ్చిన దుర్గ అనే పిల్ల అది చూసి నవ్వింది.

“పెద్దమ్మా, గిది మిరప నారా ఏంది? దూరం పెట్టాలె.”

ఇన్నమ్మ వెనక్కి తిరిగి తాను పెట్టిన వరస చూసుకుంది. తర్వాత కూర్చుని, వాటిని వేరు తెగకుండా మెల్లగా పెకలించి, ఒడిలో వేసుకుని, గుంట గుంటకూ నడిచి దూరం దూరంగా మళ్లీ నాటింది.