మా మామ డోలు

ఉగాండాలోని మా బుగాండాలో రాజరికం రద్దై, రాజు తరఫున సీమను ఏలే సీమపెద్ద స్థానంలో జిల్లా అధికారి వచ్చిన ఏడాది, సీమపెద్ద కచేరీలో డోలు వాయించే మా మామ సెకిటో దాన్ని బెరడుబట్టలో చుట్టి దాచేశాడు. ఒకప్పుడు ఆ దరువు వింటే ఊరంతా పారలు పట్టుకుని బాట బాగుచేయడానికి వచ్చేది.

ఇరవై ఆరేళ్లకు రాజూ, సీమపెద్దా తిరిగి వచ్చారు. ఆ ఉదయం మామ డోలు మీది బెరడుబట్ట విప్పాడు.

"ఈ దరువు ఇంకా ఎవరికి గుర్తుంటుందే?"

"వాయించు మామా. ఎవరూ రాకపోతే మనిద్దరమే తవ్వుదాం."

వాయించాడు. అరటితోటల మీద పొగమంచు కదలలేదు, చాలాసేపు ఎవరూ రాలేదు. చివరికి ముసలి నాకిబూకా భుజాన పారతో వచ్చింది.

"ఇన్నేళ్లూ నిద్రపోయావా సెకిటో? బాటంతా గడ్డి మొలిచింది."

ఆమె వెనక మంచులో మరిన్ని అడుగులు వినిపించాయి. మామ కళ్లు తుడుచుకోవడానికైనా దరువు ఆపలేదు.