జీరోలు

మా దగ్గర సర్కారు బస్సులో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. బదులుగా సున్నా రూపాయలని అచ్చయిన చీటీ ఇస్తారు. దాన్ని జీరో టికెట్ అంటారు. కొన్నాళ్లకే ఆ పేరు చీటీ మీది నుంచి మా మీదికి ఎక్కింది. "జీరోలు లోపలికి జరగాలె!" అని కండక్టర్ అరుస్తాడు. ఎం.ఏ. చదివి కోదాడలో పిల్లలకు పాఠాలు చెప్పే జీరోను నేను.

ఒక పొద్దున సూర్యాపేటలో ఎక్కాను. దారిలో ఒక స్టేజీ దగ్గర అందరూ ఆడవాళ్లే చెయ్యెత్తారు. డ్రైవర్ ఆపలేదు. వాళ్లలో రోజూ నా పక్కన కూర్చునే అమ్మాయి ఉంది. కోదాడలో ఒక సర్కారు ఆఫీసు ఊడుస్తుంది. ఇంకోసారి ఆలస్యమైతే తీసేస్తామని ఆమెకు అప్పటికే చెప్పారు. బస్సు రేకును దడదడ బాదాను.

"ఆపు! బస్సు పెట్టింది గాలి మోయనీకా?"

"అందరూ జీరోలే మేడమ్. నిలబడ జాగ లేదు. ఇంకో బస్సు వెయ్యమని పైనోళ్లను అడుగుండ్రి" అన్నాడు కండక్టర్.

ముందు సీట్లో ఎరువుల దుకాణం ఆయన వెనక్కి తిరిగాడు. "ఊరికే ఇస్తే ఇట్లాగే ఉంటదండి. ప్రభుత్వం బస్సులు నడపటం మానెయ్యాలి."

"మీరమ్మే యూరియాకు సర్కారు సొమ్ము కలిపితే వ్యవసాయం, మా సీటుకు కలిపితే ఊరికేనా అన్నా?"

ఆయన కిటికీలోంచి పొలాలు చూసుకున్నాడు. బస్సు చాలా దూరం పోయి ఆగింది. మిగతావాళ్లు ఆశ వదిలేశారు, ఆ అమ్మాయి ఒక్కతే పరుగెత్తి వచ్చి ఎక్కింది. ముందు బస్సు కూడా ఆపలేదట, అప్పటికే ఆలస్యమైంది.

కోదాడలో దిగి, ఆమెతో పాటు ఆఫీసు దాకా వెళ్లాను. గేటు దగ్గర, ఆమెను కాంట్రాక్టు మీద పనికి పెట్టిన ఏజెన్సీ సూపర్‌వైజర్ బండి మీద కూర్చుని ఉన్నాడు.

"లేటయినవ్. వేరే ఆమెను పెట్టినం."

నేను అందుకున్నాను. "లేటు చేసింది సర్కారు బస్సు. ఈమె ఊడ్చేది సర్కారు ఆఫీసు. నడుమ నువ్వెవరవయ్యా?"

"ఏజెన్సీ మేడమ్. ఈమె మా మనిషి, ఆఫీసుకు సంబంధం లేదు."

"చీపురు పట్టేది వాళ్ల గదుల్లో, మనిషి మాత్రం నీదా? ఆఫీసర్‌నే అడుగుత, జరుగు."

అమ్మాయి నా చెయ్యి పట్టి గుంజింది. "మేడమ్, జర ఊకోండ్రి. మీరు గెలిస్తె నా పని పోతది."

తర్వాత వాడి వైపు తిరిగి, "అన్నా, రేపు తొలి బస్సుకే వస్త" అని బతిమాలింది.

తొలి బస్సు మాత్రం ఆపుతుందని ఎవరు చెప్పారు? అడగలేదు. వాడు ఇంకా సరే అనలేదు.