కస్తూరి మెడలో పెట్టె

రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుందనగా, ఒక జూన్ ఒకటో తారీఖు ఉదయం పదిన్నరకు, పూతలపట్టు నుంచి బాగా లోపలికి ఉన్న ఒక పశువైద్యశాలలో చార్జి తీసుకున్నాను. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో అసిస్టెంట్ అని ఉన్నా ఆ ఆసుపత్రికి డాక్టరును నేనొక్కడినే. చార్జి తీసుకోవడమంటే మందుల స్టాకు రిజిస్టరుతో సరిచూసుకోవడం, తాళాలు అందుకోవడం, పశువుల వీర్యం నిల్వ ఉండే నైట్రోజన్ క్యాన్‌లో కర్ర ముంచి మట్టం కొలవడం. ఇవన్నీ చేసి సంతకం పెట్టాను.

నా తోటివాళ్లంతా అప్పటికే ప్రమోషన్లు తీసుకుని జీపుల్లో తిరుగుతున్నారు. నేను రెండుసార్లు వద్దని రాసిచ్చాను. ప్రమోషన్ వస్తే తిరుపతిలో ఇల్లు వదిలి దూరం పోవాలి. ఇల్లంటే ఇల్లు కాదు, ఇంట్లో ఉన్న నా సర్వర్. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని మా ఆవిడ వసుధ అనేది నన్ను గురించే.

ఈ సర్వర్ సంగతి కొంచెం చెప్పాలి. జనం తమ ఫోటోలు, కాగితాలు ఎక్కడో ఉన్న పెద్ద కంపెనీల కంప్యూటర్లలో దాచుకుంటారు. నాకది ఇష్టముండదు. మన బియ్యం మన డబ్బాలోనే ఉండాలి. అందుకని సబ్బుపెట్టెంత చిన్న కంప్యూటర్ ఒకటి కొని, హాల్లో టీవీ వెనక పెట్టి, మా ఫోటోలు, సరుకుల చీటీ, వసుధ తిరుప్పావై పాఠాల రికార్డింగులు అన్నీ దాంట్లోనే ఉంచాను. అది వారానికొకసారి మొండికేసేది. ఆదివారాలన్నీ దానికి వైద్యం చేయడంతోనే గడిచేవి. సరుకుల చీటీ మాత్రం వసుధ పాత క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసుకునేది.

గీజరుకు కూడా నేనే ఒక స్విచ్చి తయారుచేసి సర్వర్‌కు కలిపాను. ఉదయం ఐదింటికి దానంతట అదే వెలగాలి. కాని ఏ రోజు చూసినా మేమిద్దరం చన్నీళ్లు పోసుకుని, పూజ, టిఫిన్లు అయ్యాక పదిన్నర దాటితేగాని నీళ్లు కాగేవి కావు. తెల్లవారుజామున లో వోల్టేజీ ఉంటుందని వసుధకు సాంకేతికంగా వివరించాను. "వోల్టేజీ పదిన్నరకేనా రోజూ వచ్చేది?" అని ఆమె అడిగింది. ఆ ప్రశ్నకు నేను అప్పుడే జవాబు వెతికి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఇక కస్తూరి. ఆసుపత్రికి ఎదురు సందులో, స్కూటర్ మీద పోవాల్సినంత దూరాన, చిట్టచివర ధనమ్మ, మునిరత్నం అనే దంపతులుండేవారు. కస్తూరి వాళ్ల జెర్సీ ఆవు. పుట్టిన మూడోరోజే తల్లి చనిపోతే ధనమ్మ సీసాతో పాలు పట్టి పెంచింది. ఒక ఈత బాగానే ఈనింది. ఆ తర్వాత చూలు నిలవడం లేదు. ఆవు చూలు కట్టకపోతే పాలు ఉండవు, పాలు లేని ఆవుకు మేత దండగ, చివరికి సంతకు పోవాలి. సంత నుంచి అలాంటి ఆవు ఎక్కడికి పోతుందో మా జిల్లాలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

కృత్రిమ గర్భధారణను ఊళ్లో సూది అంటారు. దానికంతా సమయమే ముఖ్యం. ఆవు ఎదకొచ్చిన గంటకే వేసినా దండగ, మర్నాడు వేసినా దండగ. మాకు కాలేజీలో నేర్పిన సూత్రం ఒక్కటే. ఉదయం ఎదకొస్తే సాయంత్రం వేయాలి, సాయంత్రమో రాత్రో వస్తే మర్నాడు ఉదయం వేయాలి. అయితే ఎద ఎప్పుడు మొదలైందో పట్టుకోవడమే కష్టం. ఎదకొచ్చిన ఆవు నిలకడగా ఉండదు, మామూలుకు రెండు మూడింతలు తిరుగుతుంది. ఇక్కడే నా తలలో బల్బు వెలిగింది.

సబ్బు డబ్బాలో కదలికలు లెక్కపెట్టే చిప్పు, చిన్న బ్యాటరీ పెట్టి, నీళ్లు దిగకుండా సైకిల్ ట్యూబు చుట్టి, కస్తూరి మెడలో కట్టాను. పాలు పితికే వేళకు ఆవు కొట్టంలోకి రాగానే అక్కడున్న ఇంకో పెట్టె ఆ లెక్కంతా లాక్కుని మా ఇంటి సర్వర్‌కు పంపేది. గంటగంటకు ఎంత తిరిగిందో నా ఫోనులో గ్రాఫుగా కనిపించేది. కాకిపిల్ల కాకికి ముద్దు. ఆ గ్రాఫును నేను సంబంధాలు చూసేవాళ్లు ఫోటో చూపించినట్టు బస్సులో పక్కవాళ్లకు కూడా చూపించాను.

చలికాలం మొదట్లో కస్తూరి ఎదకొచ్చింది. ముందు రాత్రి పదకొండు ప్రాంతంలో మొదలైందని గ్రాఫు చెప్పింది. సూత్రం ప్రకారం ఉదయమే వేయాలి. ఎనిమిదింటికల్లా క్యాన్ తీసుకుని వెళ్లాను. ధనమ్మ కొట్టం గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇంకా ఇప్పుడే కదా సారూ మొదులైండేది. పొద్దున పాలు పిండేటప్పుడే అరిసింది. మాపటికి రాండి," అంది.

నేను ఫోను చూపించాను. రాత్రి పదకొండుకు ఆమె నిద్రపోతోందనీ, పెట్టె నిద్రపోదనీ చెప్పాను. ఆమె ఫోను వైపు చూసింది, ఆవు వైపు చూసింది, పక్కకు జరిగింది. సూది వేసి, ఎద మొదలైన సమయం గ్రాఫు చూసి రిజిస్టరులో రాశాను. ఇరవై ఒక్క రోజులకు కస్తూరి మళ్లీ ఎదకొచ్చింది, అంటే చూలు నిలవలేదు. రెండోసారీ అదే కథ. మూడో సూది దాకా వచ్చాం. మూడుసార్లూ గ్రాఫు రాత్రి పదకొండు, పదకొండున్నర అంది. మూడుసార్లూ ధనమ్మ మాపటికి రమ్మంది. మూడుసార్లూ నేను ఉదయమే వేశాను. మూడోసారి ఆమె వేరే వైపు చూస్తూ తోక పట్టుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఎన్నిసార్లు ఊదుతుంది పాపం.

ఆ మర్నాడే సంత బేరగాడొకడు వచ్చి కస్తూరి పళ్లు చూసిపోయాడని మా అటెండరు చెప్పాడు. మునిరత్నం ఇంకొక్కసారి చూద్దామన్నాడట. ఆ ఒక్కసారి తప్పితే పంపేయడమే. అయినా తప్పు నా గ్రాఫులో ఉండొచ్చని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఆవు గర్భసంచిలోనే ఏదో లోపముందని నిర్ణయించుకున్నాను.

మూడో సూది వేసిన పన్నెండో రోజు, శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఆసుపత్రి మూయబోతూ ఫోను చూశాను. నా కళ్లు నేనే నమ్మలేదు. గురువారం రాత్రి పదకొండున్నర నుంచి తెల్లవారుజాము మూడున్నర దాకా గ్రాఫు నిట్టనిలువుగా లేచింది. ఎదలో ఉన్న ఆవు తిరిగినదానికి అయిదింతలు! నాలుగు గంటలు ఆగకుండా! పన్నెండో రోజున ఎద రాకూడదు. అండాశయంలో నీటితిత్తులు ఏర్పడితే ఆవు వేళాపాళా లేకుండా ఎదలోనే ఉంటుంది. అదే అయ్యుంటుందనుకున్నాను. ఇంతటి కేసు మా పుస్తకాల్లో కూడా లేదు. స్కూటర్ స్టార్టు చేసేలోపు దీనిమీద రాయబోయే వ్యాసానికి ఆంగ్లంలో శీర్షిక కూడా కుదిరింది.

వెళ్లేసరికి కస్తూరి పడుకుని నెమరువేస్తోంది. లేపి, భుజం దాకా గ్లవ్ తొడుక్కుని, లోపల చెయ్యి పెట్టి అండాశయాలు తడిమాను. తిత్తులూ లేవు, ఏమీ లేవు. కస్తూరి ఒక్క తన్ను తన్నింది.

"పనీపాట లేకుండా పండుకోనుండేదాన్ని లేపి తడిమితే తన్నదా సారూ?" అంది ధనమ్మ. నిన్నటి నుంచి అది కట్టుకొయ్య దగ్గరనుంచి కదల్లేదని ఒట్టేసింది.

కదలని ఆవు నాలుగు గంటలు ఎలా పరిగెత్తిందని నేను గట్టిగా అడుగుతుండగా లోపల్నుంచి మునిరత్నం వచ్చాడు. నున్నటి గుండు, నుదుట నామం, కాళ్లు ఈడుస్తూ నడక. నా చేతిలో ఫోను, మొహంలో కోపం చూసి భార్యవైపు తిరిగాడు. ఆమె నేలవైపు చూసింది. చివరికి ఆయనే చెప్పాడు.

"సామికి మొక్కుకున్నాము సార్, కస్తూరిని నడిపించి తెస్తామని. ఆవును కొండకెట్ల ఎక్కిస్తాము? పలుపుతాడు తీసకపోదామంటే అది పోయిన వారమే మార్చినాము. దాని మెడలో ఎప్పుడూ ఉండేది మీ పెట్టే. అది నా మెడలో ఏసుకోని, పైన టవాలు కప్పుకోని మెట్లెక్కినాను. అది నడిచినట్టే లెక్క."

పెట్టె కూడా అచ్చం అలాగే లెక్కవేసింది. కింద తనిఖీలో ఏమిటిదని అడిగితే "మా ఆవుది" అన్నాడట. స్కానింగులో పెట్టి చూసి, నవ్వి పంపించేశారట. దర్శనం చేసుకుని, బస్సులో దిగి, సాయంత్రం పాలవేళకు మళ్లీ కస్తూరి మెడలో కట్టాడు. డబ్బా మీద మూడు నామాలు కూడా పెట్టించుకొచ్చాడు.

అంటే నేను ఒక గుండు చేయించుకున్న భక్తుడి మెట్ల నడక చూసి, గ్లవ్‌తో స్కూటర్ మీద బయల్దేరానన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం మాత్రం ఎటు చూపాలో తెలియక గ్రాఫు మీదికి పోయింది.

"అర్ధరాత్రి పూట మెట్లెక్కడమేమిటి మునిరత్నం, చిరుతలు తిరుగుతుంటే?" అన్నాను.

"అర్ధరాత్రి యాడ సార్? రాత్రిపూట ఆ దారి మూసేస్తారు కదా. కచ్చితంగా ఐదుకి మొదులుపెట్టినాను, తొమ్మిదికి పైనుండాను."

పదకొండున్నర, ఐదు. మూడున్నర, తొమ్మిది. రెండు చోట్లా తేడా ఐదున్నర గంటలు. అది ఆవు తేడా కాదు, మనిషి తేడా కాదు. ధనమ్మ వాకిట్లోనే కూర్చుని ఫోనులోంచి మా సర్వర్‌ను టైమెంత అని అడిగాను. అప్పుడు సాయంత్రం ఆరుంపావు. అది మధ్యాహ్నం పన్నెండూ నలభై అయిదు అంది.

కొత్త కంప్యూటర్ పెట్టెలోంచి తీసినప్పుడు గ్రీనిచ్ కాలమానంలో ఉంటుంది, అంటే చలికాలంలో లండన్ వాళ్ల టైము. దాన్ని మన దేశానికి మార్చడం మొట్టమొదట చేయాల్సిన పని. సరుకుల చీటీ దాకా అన్నీ అమర్చిన నేను ఆ ఒక్కటి మరిచాను. పాపం కస్తూరి ప్రతిసారీ తెల్లవారి ఐదింటి ప్రాంతంలోనే ఎదకొచ్చింది, పాలు పిండేటప్పుడు ధనమ్మ విన్నట్టే. నేను లండన్ లెక్కన రాత్రి అనుకుని, మూడు మూడున్నర గంటలకే సూది వేసి వచ్చాను.

నాకు నిజంగా సిగ్గేసింది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో రైతుకు తప్పు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు. అయినా చెప్పాను. కస్తూరికి ఏ లోపమూ లేదనీ, మూడుసార్లూ ఆమె మాటే సరైనదనీ, దాన్ని సంతకు పంపొద్దనీ అన్నాను. ధనమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"అయితే ఈ తూరి నేను సెప్పినప్పుడు రాండి సారూ," అంది. పెట్టె తీసేయమంటారా అని అడిగాను. "దాని మెడలో తీసి ఈయన మెడలో కట్టండి. యాడికి పోతాడో తెలుస్తాది."

ఇంటికి వెళ్లి వసుధకు చెప్పాను. ఆమె ఆవు గురించి ఒక్క మాట అడగలేదు. "అయితే ఏడాదిగా మన గీజరు లండన్ వాళ్ల స్నానాలకు నీళ్లు కాస్తోందా?" అంది. మర్నాడు ఐదింటికి బాత్రూములోంచి పొగలు వచ్చాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చలో ఓడి ఇంట గెలిచాను.

తొమ్మిది రోజులకు కస్తూరి తెల్లవారుజామున అరిచింది. ధనమ్మ మాపటికి రమ్మని కబురు పంపింది. సరిచేసిన గ్రాఫు కూడా అదే అంది. సాయంత్రం ఐదున్నరకు వేశాను.

రిజిస్టరులో తప్పు రాత ఉంటే చెరపకూడదు. ఎర్ర సిరాతో కొట్టి, పక్కన సరైనది రాసి, కారణం చూపి సంతకం చేయాలి. మూడు పాత పద్దులూ అలాగే దిద్ది, "సమయము లండన్ కాలమానములో నమోదైనది" అని కారణం రాసి నెలవారీ రిపోర్టుతో పైఆఫీసుకు పంపాను. పది రోజులకు మెమో వచ్చింది. ముందస్తు అనుమతి లేకుండా విదేశీ ప్రయాణం చేసినందుకు ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వాలట. నాకు పాస్‌పోర్టే లేదని రాశాను. అలాగైతే సదరు ఆవు ప్రస్తుతం ఎక్కడున్నదో ఫోటోతో సహా ధ్రువీకరించమన్నారు. కస్తూరిని, ధనమ్మను, నామాలున్న డబ్బాను కలిపి ఫోటో తీసి పంపాను. ఫైలు మూసేశారు.

మూడు నెలలకు చూలు పరీక్ష చేశాను. చెయ్యి లోపల ఉండగానే ధనమ్మ నా మొహం చూస్తూ నిలబడింది. నేను తలూపాను. బేరగాడు మళ్లీ ఆ సందులోకి రాలేదు. నేను రిటైరయ్యే నెలలో కస్తూరి పాలమీద ఉంది. పక్కనే పెయ్యదూడ గంతులేస్తోంది. దాని మెడలో గజ్జెలున్నాయి, పెట్టె లేదు.

ఈ సరదా ఉన్న కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడు నా దగ్గరకు వచ్చి ఏ చిప్పు కొనాలి, ఏ ప్రోగ్రాం వేయాలి అని అడుగుతారు. అన్నీ చెబుతాను. చివర ఈ ఎపిసోడ్ కూడా చెబుతాను. నా పెట్టె కదలికలు సరిగ్గానే లెక్కపెట్టింది. ధనమ్మ ఆవును సరిగ్గానే చూసింది. రెంటికీ ఐదున్నర గంటల తేడా వచ్చినప్పుడు, ఎందుకొచ్చిందని అడగాల్సిన ఉద్యోగం నాది. దానికే నాకు జీతం ఇచ్చేవారు.