సౌనా చీకట్లో నీలి వెలుగు

ఐలి మా ఆయన తౌనోకి అక్క. పట్నంలో నీటి పరీక్షల లాబ్‌లోనే జీవితం గడిచిపోయింది. తను కడిగిన బాటిల్‌ని ఎవరైనా ముట్టుకున్నారో, వాళ్ళ పని అయినట్టే. "మా అక్క బాటిళ్ళనే పెళ్ళాడింది" అని తౌనో ఏడిపిస్తుంటాడు. నిజం చెప్పాలంటే ఆ మనిషి గొంతు వింటేనే నాకు ఒళ్ళు మండేది. ఈ చలికాలం మాత్రం నేనే కబురు పెట్టి రప్పించాను.

ఎగువన మూతపడిన గనిలోంచి సీసం కలిసిన మురుగు సరస్సులోకి కారుతోందని ఊళ్ళో గుసగుసలు. మేం తాగేది ఆ సరస్సు నీళ్ళే. మా అమ్మాయి ఇంకెరికి ఏడో నెల. సీసం కడుపులో బిడ్డ దాకా వెళ్తుందని విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

మా సౌనాకి, అదే ఆవిరి స్నానాల గదికి, కిటికీ లేదు. ఐలి దాన్నే చీకటి గది చేసుకుంది. బిర్చ్ చెట్టు ఆకులు మాడ్చి తీసిన కర్బన రేణువులు ఆమె చేతిలోని గాజు గొట్టంలో ఉన్నాయి. అవి కంటికి ఆనవు కానీ, అతినీలలోహిత టార్చి వేస్తే ద్రవమంతా నీలంగా వెలిగింది.

"లోహం తగిలితే ఈ వెలుగు తగ్గిపోతుంది. చూస్తూ ఉండు."

తౌనో నిన్న తెచ్చిన బాటిల్ లోంచి కొన్ని చుక్కలు వేసింది. వెలుగు ఆరిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది.

ఐలి బాటిల్ ఊపింది. అడుగున ఏదో గలగలలాడింది.

"ఏంట్రా ఇది?" అని పక్కనే ఉన్న తౌనోని అడిగింది.

"గాలం గుండు. ఖాళీ బాటిల్ సరస్సు మీద మంచుకి కొట్టిన కన్నంలో మునగదు కదక్కా? మేమంతా అలాగే ముంచుతాం."

"సీసం గుండు! సీసం ఉందో లేదో చూడమని, రాత్రంతా అందులోనే నానబెట్టి తెచ్చావా? చేపలకున్నపాటి బుర్ర కూడా లేదురా నీకు!"

తౌనో పగలబడి నవ్వాడు. నేను ఏడుస్తూనే నవ్వాను. ఐలిని కౌగిలించుకోబోతే విదిలించుకుని, కొత్త బాటిల్ తీసుకుని మంచు మీదికి వెళ్ళింది. బోర్లా పడుకుని, చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో పెట్టి తనే ముంచుకొచ్చింది.

మళ్ళీ సౌనా, మళ్ళీ టార్చి. చుక్కలు పడ్డాక నీలం అలాగే నిలిచింది. హమ్మయ్య అనుకున్నాను. ఐలి మాత్రం టార్చి దించలేదు. చూస్తుండగానే నీలం పలచబడింది. పక్కన శుద్ధమైన నీళ్ళు కలిపిన గొట్టం వెలుగుతూనే ఉంది.

"ఈసారి నేనేం వెయ్యలేదక్కా," అన్నాడు తౌనో.

"తెలుసురా. ఏ లోహమో, ఎంతుందో లాబ్ చెప్పాలి. ఏదో ఉందని మాత్రం ఇది చెప్తోంది."

తలుపు తెరుచుకుంది. ఇంకెరి చేతిలో పొగలు కక్కుతున్న కప్పు. "ఎంతసేపు నాన్నా ఈ చీకట్లో? కాఫీ చల్లారిపోతోంది, రండి."

  ఐలి లేచి ఆ కప్పు మెల్లగా లాక్కుంది. 

"తాగకు తల్లీ."

"అదేంటత్తా," నవ్వింది ఇంకెరి, "పొద్దున్నుంచి ఇది మూడోది."