అక్క ముఖాన్ని సర్వే చేసిన వైనం

ముప్పై నాలుగేళ్లు భూములు కొలిచాను. హద్దురాయి జానెడు జరిగిందని నా మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. అలాంటివాణ్ని రిటైరయ్యాక ఒక్క మనిషి ముఖాన్ని కొలిచి, కొలతలన్నీ సరిగ్గా వేసి, ఆ మనిషిని ఊరు గుర్తుపట్టకుండా చేశాను. ఆ మనిషి మా అక్క. ఇప్పుడు చెప్పబోయేది ఆ ఘనకార్యమే. నవ్వుకోవడానికి మీకు పూర్తి అనుమతి ఉంది. నాకు మాత్రం మధ్యలో ఒకచోట నవ్వు ఆగిపోతుంది. అక్కడ నన్ను వదిలేసి మీరు ముందుకు సాగండి.

నాకు పదో తరగతి నుంచి డైరీ రాసే జబ్బుంది. వనపర్తిలో మా ఇంటి బీరువాలో తన చీరలకన్నా నా డైరీలే ఎక్కువని మా ఆవిడ బాధ. ఏ రోజు వాన పడింది, ఏ బస్సు ఎంత ఆలస్యమైంది, ఎవరింట్లో ఏ కూర తిన్నాను, అన్నీ ఉంటాయి. పని లేని సర్వేయరు పిల్లి తోక కొలిచాడన్నట్టు, రిటైరయ్యాక కాలు నిలవక, మా వీధిలో ఉండే ఒక డ్రాయింగు మాస్టారు దగ్గర రంగులు కలపడం నేర్చుకున్నాను.

ఆయన ఒక రోజు అసలు విషయం చెప్పాడు. కొందరు చిత్రకారులు రైతును గీసినా దేవుడిలాగే గీస్తారట. కొందరు మాత్రం రైతును రైతులాగే, కాలి పగుళ్లతో, గోళ్లలో మట్టితో గీస్తారట. దాన్ని నేచురలిజం అంటారట. లేనిది కలపకూడదు, ఉన్నది తీసేయకూడదు. వినగానే నాకు ఒళ్లు పులకరించింది. ఇది అచ్చంగా మా సర్వే శాఖ పద్ధతే కదా! ఇన్నాళ్లూ నేను చిత్రకారుణ్నని నాకే తెలియలేదన్నమాట.

మొదట ఒక పళ్లెంలో సీతాఫలాలు గీశాను, ఒక కాయలో ఉన్న పురుగుతో సహా. మా ఆవిడ దాన్ని వంటింటి గడప దాటనివ్వలేదు. ఉన్న మాటంటే ఉలుకెక్కువంటారు. ఉన్న బొమ్మ గీస్తే ఇంకా ఎక్కువని నేను ఆ రోజే గ్రహించి ఉండాల్సింది.

మా అక్క పేరు సవారమ్మ. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్దది. గద్వాల అవతల గట్టు అనే ఊళ్లో ఉంటుంది. చేలో విత్తనాల కంపెనీ కోసం సీడు పత్తి వేస్తారు. నా కొత్త విద్య సంగతి తెలిసి ఫోన్ చేసింది. కొత్తగా స్లాబు ఇల్లు కడుతున్నారు, ముందు గదిలో గోడ ఖాళీగా ఉంది. ఆమెకు ఈ వయసుకు ఉన్నది ఒక్కటే ఫొటో.

"ఆధార్ కార్డుల దొంగ లెక్క పడ్డ తమ్మీ. రేపు నేను పోతే గదే పెద్దగ జేసి దండేస్తరు. మనుమలు గదే సూస్తరు. జర నువ్వు గియ్యి. నవ్వుకుంట ఉన్నట్టు గియ్యి."

చివరి మాట వినిపించింది. డైరీలో రాయలేదు.

బొమ్మ కోసం ఐదు సార్లు పోయాను. గద్వాల దాకా ఒక బస్సు, అక్కడినుంచి గట్టుకు ఇంకొకటి. చేతిలో టేపు, డివైడర్లు, రంగుల పెట్టె. మొదటి రోజు అక్క పట్టుచీర కట్టుకుని, ముఖానికి పౌడరు అద్దుకుని, తల్లో పూలు పెట్టుకుని పెళ్లిచూపులకు కూర్చున్నట్టు కూర్చుంది. నేను ముఖం కడిగించాను. పూలు తీయించాను. చేనుకు పోయే చీరే కట్టుకోవాలన్నాను.

"పండుగనాడన్న పట్టుచీర కట్టనిస్తరు. నువ్వు బొమ్మల గూడ కట్టనియ్యకపోతివి" అంటూ లోపలికి పోయి మార్చుకుని వచ్చింది.

నేను డివైడర్లతో ఆమె ముక్కు కొలిచాను. కంటికీ చెవికీ మధ్య దూరం కొలిచాను. అరుగు మీద బీడీ తాగుతున్న మా బావ తిమ్మప్ప అదంతా చూసి, "బామ్మర్దీ, మీ అక్క మొకం మీద హద్దురాళ్లు గూడ పాతుతవా ఏంది?" అన్నాడు.

అక్కకు నవ్వొచ్చింది. నవ్వు రాగానే చేయి నోటికి అడ్డం వచ్చింది.

"చెయ్యి తియ్యక్కా. మూతి కొలత చెడుతది."

"నవ్వొస్తె చెయ్యి దానంతటదే వస్తది తమ్మీ. నేనేం జేద్దు?"

"అయితే నవ్వకు."

అంతటితో ఆగానా? ముందు పన్ను ఒకటి లేదని నాకు తెలుసు. ఉన్న సందును తీసేస్తే నేచురలిజానికి ద్రోహం కదా! నవ్వొద్దు, నోరు మాత్రం కొంచెం తెరిచి ఉంచమన్నాను. సంతలో ఎద్దు పళ్లు చూసే బేరగాడిలా ముందుకు వంగి, ఆ సందు ఎంత వెడల్పో చూశాను. ఆ రాత్రి డైరీ ఇలా ఉంది: "ఈ రోజు అక్క నలభై ఒక్కసార్లు నోటికి చేయి అడ్డం పెట్టింది. పనికి ఆటంకం."

బొమ్మ పూర్తయింది. నుదుటి ముడతలు ఎన్ని ఉన్నాయో అన్నీ వేశాను. ఎండకు కమిలిన చోట కమిలినట్టే ఉంది. పన్ను సందులోని నలుపు కోసం మూడు రంగులు కలిపాను. డ్రాయింగు మాస్టారు చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. మురిసిపోయి కళ్లు చెమర్చాయనుకున్నాను.

కొత్త ఇంట్లో చేరిన రోజు భోజనాలకు ఊళ్లోవాళ్లు వచ్చారు. గోడ మీద బొమ్మకు కట్టిన గుడ్డను నేనే తీశాను. పక్కింటి ఈరమ్మవ్వ దగ్గరికొచ్చి కళ్లు చిట్లించింది. "ఎవరీమె? తిమ్మప్ప తల్లి లెక్కున్నది."

"ఆమెనే. గట్లనే మొకం గంటు వెట్టుకొని ఉంటుండె" అంది వెనకనుంచి ఇంకొకామె.

ఆ అత్త బతికున్నన్నాళ్లూ మా అక్కకు ఆమెతో పడలేదు. ఇప్పుడు అత్తే కొత్తింటి గోడెక్కిందన్నమాట. నేను గొంతు సవరించుకుని అది మా అక్కేనని, లేనిది కలపలేదని, ఉన్నది తీసేయలేదని నేచురలిజం మీద ఉపన్యాసం ఇచ్చాను. జనం పప్పన్నం చల్లారుతుందేమోనని చూస్తున్నారు. ఈరమ్మవ్వ మాత్రం బొమ్మనే చూస్తోంది.

"సవారమ్మకు పన్ను లేదా? నలభై ఏండ్లసంది పక్కింట్ల ఉంటున్న, నాకు తెల్వనే తెల్వదు."

అందరూ అక్క వైపు తిరిగారు. బొమ్మలో చూసిన పన్ను సందునే మళ్లీ ఆమె నోట్లో చూడాలన్నట్టు చూశారు. అక్క నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నవ్వొచ్చి కాదు.

భోజనాలయ్యాక వంటింట్లో నాకు మజ్జిగ ఇచ్చింది. నేను ఇంకా మెప్పు కోసమే కూర్చున్నాను. ఎట్లా ఉందక్కా అని అడిగాను.

"మంచిగొచ్చింది. పన్ను సందు మరీ మంచిగొచ్చింది. నీ పనే గద తమ్మీ."

"నా పనేంది?"

"మరిసినవా? చింతకాయలకని రాయి ఇసిరితివి. కాయలకు తాకలే. నాకు తాకింది. నాయిన నిన్ను సంపుతడని, బాయి మెట్ల మీద పడ్డ అని జెప్పిన. నీకు ఆరేండ్లుండె."

నేను చెప్పిన చోటు ఇదే. మీరు ముందుకు సాగండి, నేను వచ్చి కలుస్తాను.

ఇంటికి వచ్చి బీరువా తెరిచాను. నా డైరీలు పదో తరగతి నుంచి మొదలవుతాయి. ఎవరింట్లో ఏ కూర తిన్నానో అంతా ఉంది. ఆ రాయి లేదు. నేను రాసుకోని ఒకే ఒక్క తప్పును అక్క ఇన్నేళ్లూ అరచేతితో మూసి పెట్టింది. నేను ఆ చేయి తీయించి, మూడు రంగులు కలిపి, ఊరందరికీ చూపించాను.

రెండు నెలల తర్వాత మళ్లీ పోయాను. బొమ్మ గోడ మీదే ఉంది. అయితే మూతికి అటూ ఇటూ రెండు మేకులు కొట్టి, అడ్డంగా పాత చీర పేలిక ఒకటి కట్టారు. నేను బావ వైపు చూశాను. "నేను గాదు. మీ అక్కనే గట్టింది" అన్నాడు. ఇంతలో ఈరమ్మవ్వ చేద కోసం వచ్చి, గోడ వైపు చూసి, "ఇప్పుడు అచ్చం సవారమ్మ లెక్కనే ఉన్నది" అని చేద తీసుకుని పోయింది.

ఐదు రోజుల కొలతలు ఒక పక్క, పాత చీర పేలిక ఒక పక్క. పేలికే గెలిచింది.

సిగ్గు చచ్చినా సర్వేయరు చావడు. "అక్కా, పేలిక తీసెయ్యి. ఆడ నీ చెయ్యి గీస్త. నవ్వేటప్పుడు అడ్డం పెట్టుకుంటవు గద, గట్లనే" అన్నాను.

అక్క విస్తరాకు కుట్టడం ఆపి నా వైపు చూసింది. "ఏ చెయ్యి?"

నలభై ఒక్కసార్లు లెక్కపెట్టిన మనిషిని. ఏ చెయ్యో గుర్తు రాక, అంచనాకు "కుడి చెయ్యి" అన్నాను.

"కుడిచేత కొడవలో, చీపురో, గంటెనో ఏదో ఒకటి ఉంటది తమ్మీ. గది ఖాళీగ ఎన్నడున్నది?" అంటూ నవ్వింది. ఎడమ చేయి నోటికి అడ్డం వచ్చింది.

కాబట్టి సూర్యచంద్రులు, గ్రామ దేవతలు, నా బీరువాలోని డైరీలన్నీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా ఒంట్లో ఊపిరి, కుంచెకు వెంట్రుక ఉన్నంతకాలం ఇక ఏ మనిషి ముఖమూ ఉన్నది ఉన్నట్టు గీయను. సీతాఫలాలే గీస్తాను. వాటిలో పురుగుంటే, ఆ తప్పు నాది కాదు.